జలాంతర్గామి కట్టిన బడిపంతులు: జాన్ ఫిలిప్ హాలండ్

పిల్లలూ, ఈ వారం మనం ఒక పంతులుగారి కథ చదువుకుందాం. ఆయన తెలుగువారు కాదు, భారతీయులూ కాదు. ఐర్లండ్‌లో పుట్టి, ముప్పై రెండేళ్ళ వయసులో అమెరికాకి వలస వచ్చారు. పగలు బడిలో పాఠాలు చెప్పేవారు. తీరిక దొరికితే చాలు, నీటి లోపల నడిచే పడవ బొమ్మలు గీసుకునేవారు. ఆయన పేరు జాన్ ఫిలిప్ హాలండ్.

కథలోకి వెళ్ళే ముందు ఒక మాట నేర్చుకుందాం. సబ్‌మెరైన్‌ని తెలుగులో జలాంతర్గామి అంటాం. పెద్ద మాట కదా? భయపడకండి, విడదీసి చూద్దాం. జలం అంటే నీరు. అంతర్ అంటే లోపల. గామి అంటే వెళ్ళేది. మూడూ కలిపితే నీటి లోపల వెళ్ళేది అన్నమాట. ఇప్పుడు గట్టిగా మూడుసార్లు పలకండి.

సముద్రం ఒడ్డున బాల్యం

జాన్ 1841లో లిస్కానర్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. అది ఐర్లండ్ పడమటి తీరంలో, అట్లాంటిక్ మహాసముద్రం పక్కనే ఉంటుంది. వాళ్ళ నాన్న తీర రక్షణ శాఖలో పనిచేసేవారు. ఇంట్లో అందరూ ఐరిష్ భాష మాట్లాడేవాళ్ళు. అది వాళ్ళ అమ్మ భాష. ఇంగ్లీషు జాన్ బడికి వెళ్ళాకే బాగా నేర్చుకున్నాడు. మీలో చాలామందికి ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉంటాయి కదా! ఆ అబ్బాయిదీ అదే పరిస్థితి.

అప్పుడు ఐర్లండ్‌ని, మన భారతదేశంలో చాలా భాగాన్ని కూడా, ఇంగ్లండ్ వాళ్ళే పాలించేవారు. జాన్‌కి నాలుగేళ్ళప్పుడు, అంటే 1845లో, ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. అక్కడి పేదవాళ్ళకి అదే ముఖ్యమైన తిండి. మనకి వరి పంట పోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ కరువు ఏళ్ళ తరబడి సాగింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు. ఇంకో పది లక్షల మంది ఊళ్ళు వదిలి ఓడలెక్కి పరాయి దేశాలకి వెళ్ళిపోయారు. జాన్ చిన్నతనమంతా ఆ కష్టాల మధ్యే గడిచింది. పాలకుల మీద అతనికి కోపం అలా పెరిగింది.

నాన్నగారు పోయాక కుటుంబం లిమరిక్ పట్టణానికి చేరింది. జాన్‌కి ఓడల మీద పనిచేయాలని ఉండేది. కానీ చూపు సరిగా ఉండేది కాదు. అందుకని 1858లో క్రిస్టియన్ బ్రదర్స్ అనే క్రైస్తవ ఉపాధ్యాయుల సంఘంలో చేరి పంతులయ్యాడు. లెక్కలు, సైన్సు, సంగీతం కూడా చెప్పేవాడు.

ఒక వార్త, ఒక ఆలోచన

1862లో అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతోంది. అక్కడ ఇనుప కవచం తొడిగిన రెండు ఓడలు ఒకదానితో ఒకటి గంటల తరబడి పోరాడాయి. ఏదీ మునగలేదు. ఈ వార్త ప్రపంచమంతా పాకింది. అప్పుడు ఐర్లండ్‌లోని కార్క్ పట్టణంలో పాఠాలు చెబుతున్న హాలండ్‌గారు కూడా చదివారు. ఇనుప ఓడని పైనుంచి కొట్టలేకపోతే నీటి కిందనుంచి కొడితే ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. ఇంగ్లండ్ బలమంతా దాని ఓడల్లోనే ఉందని ఆయనకి తెలుసు.

ఈ ఆలోచన ఆయనకే మొదట వచ్చిందనుకోకండి. 1775లోనే డేవిడ్ బుష్నెల్ అనే అమెరికన్ టర్టిల్ అనే చెక్క పడవ తయారుచేశారు. టర్టిల్ అంటే తాబేలు. లోపల ఒక్క మనిషి కూర్చుని చేతులతో తిప్పుతూ నడిపే పడవ అది. న్యూయార్క్ దగ్గర ఒక ఇంగ్లండ్ యుద్ధనౌక కింద మందుగుండు తగిలించాలని చూశారు కానీ కుదరలేదు. తర్వాత 1864లో హన్లీ అనే జలాంతర్గామి హౌసటోనిక్ అనే ఓడని ముంచింది. యుద్ధంలో ఒక జలాంతర్గామి ఓడని ముంచడం అదే మొదటిసారి. కానీ హన్లీ కూడా తిరిగి రాలేదు. అందులో ఉన్న ఎనిమిది మందీ చనిపోయారు. అంటే అప్పటిదాకా జలాంతర్గామి శత్రువు కంటే లోపల కూర్చున్నవాళ్ళకే ఎక్కువ ప్రమాదం.

మంచు మీద జారిన కాలు

1873లో హాలండ్‌గారు ఆరోగ్యం బాగోక క్రిస్టియన్ బ్రదర్స్ సంఘం వదిలేసి, ఓడెక్కి అమెరికా వచ్చారు. అమ్మ, తమ్ముడు అప్పటికే బోస్టన్‌లో ఉన్నారు. వచ్చిన కొత్తల్లోనే ఆయన మంచు మీద కాలు జారి పడ్డారు. కాలు విరిగింది. (ఈ దేశంలో నా మొదటి చలికాలంలో నేనూ అలాగే జారి పడ్డాను. నాకు మోచెయ్యి గీసుకుపోయిందంతే!) మంచంలో పడుకుని ఊరికే ఉండలేక, ఆయన పాత బొమ్మలన్నీ మళ్ళీ సరిచేసుకున్నారు.

తర్వాత న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో ఒక బడిలో పంతులుగా చేరారు. 1875లో తన పడవ బొమ్మని అమెరికా నౌకాదళానికి పంపారు. వాళ్ళు అది పనికిరాదని తిప్పి పంపేశారు.

అప్పుడు ఆయనకి డబ్బు ఇచ్చిందెవరంటే ఫీనియన్లు. వీళ్ళు ఐర్లండ్‌కి స్వాతంత్ర్యం రావాలని పోరాడే వాళ్ళు. అమెరికాలో ఉంటున్న ఐరిష్ వాళ్ళ దగ్గర చందాలు పోగుచేసి ఆయనకి ఇచ్చారు. 1878లో పద్నాలుగు అడుగుల చిన్న పడవ తయారైంది. దాన్ని ప్యాసెయిక్ నదిలో దించారు. దించిన రోజే మునిగిపోయింది! హాలండ్‌గారు నిరాశ పడలేదు. పైకి తీయించి, బాగుచేసి, తానే లోపల కూర్చుని నీటి కిందకి వెళ్ళి మళ్ళీ పైకి వచ్చారు. ఆ తర్వాత బడి ఉద్యోగం మానేసి పూర్తిగా ఈ పనిలోనే ఉండిపోయారు.

1881లో రెండో పడవ వచ్చింది. దానికి ఫీనియన్ రామ్ అని పేరు. పొడవు 31 అడుగులు. ముగ్గురు మనుషులు పడతారు. అది చక్కగా పనిచేసింది. కానీ ఫీనియన్లలో వాళ్ళకి వాళ్ళకే డబ్బు దగ్గర గొడవలు వచ్చాయి. 1883లో ఒక రాత్రి కొందరు వచ్చి ఆ పడవని ఎత్తుకుపోయారు. వాళ్ళకేమో నడపడం రాదు. హాలండ్‌గారికేమో చాలా కోపం వచ్చింది. ఇక వాళ్ళకి సాయం చేయనే లేదు. ఆ పడవ ఏ యుద్ధానికీ వెళ్ళలేదు. ఇప్పుడు ఆ రెండు పడవలూ ప్యాటర్సన్ మ్యూజియంలో ఉన్నాయి.

పడవ ఎలా మునుగుతుంది, ఎలా తేలుతుంది?

ఇంట్లో అమ్మని అడిగి మూత గట్టిగా పట్టే ఒక చిన్న స్టీలు డబ్బా తీసుకోండి. ఖాళీ డబ్బాని బకెట్ నీళ్ళలో వేస్తే తేలుతుంది. నిండా నీళ్ళు పోసి వేస్తే మునుగుతుంది. కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తూ చూస్తే, నీటి అంచు దాకా మునిగి, ఇంకాస్త తోస్తే చాలు లోపలికి పోయేలా ఉంటుంది. హాలండ్‌గారి పడవ రహస్యం సరిగ్గా అదే. పడవలో ఉన్న ట్యాంకుల్లోకి నీళ్ళు వదిలి, దాదాపు మునిగేంత బరువు చేసేవారు. ఆ తర్వాత ఇంజను ముందుకి నడుపుతూ, తోక దగ్గర ఉన్న రెక్కల్ని వంచితే, పడవ డాల్ఫిన్‌లాగా ముక్కు దించుకుని లోపలికి దూసుకుపోయేది. ట్యాంకుల్లో నీళ్ళు బయటికి తోసేస్తే మళ్ళీ పైకి వచ్చేది.

ఇంకో చిక్కు ఉంది. పెట్రోలు ఇంజనుకి గాలి కావాలి. నీటి కింద గాలి ఎక్కడిది? అందుకని పైన ఉన్నప్పుడు పెట్రోలు ఇంజను, కింద ఉన్నప్పుడు బ్యాటరీతో నడిచే మోటారు. ఈ రెండూ కలిపి చక్కగా పనిచేయించడమే ఆయన గొప్పతనం.

ఇరవై ఐదేళ్ళ ఎదురుచూపు

1895లో అమెరికా నౌకాదళం చివరికి ఒక పడవ కట్టమంది. కానీ పైన నడవడానికి ఆవిరి యంత్రం పెట్టాలని పట్టుబట్టింది. దాంతో లోపల మనుషులు కూర్చోలేనంత వేడి పుట్టింది. ఆ పడవ పనికి రాలేదు. ఇలా అవుతుందని తెలిసిన హాలండ్‌గారు, తన కంపెనీ డబ్బుతో, తన ఇష్టప్రకారం ఇంకో పడవ కట్టడం మొదలుపెట్టారు. అదే ఆరో హాలండ్. 1897 మే 17న నీటిలోకి దిగింది.

అదే ఏడు అక్టోబరులో ఒక పనివాడు ఒక వాల్వు తెరిచి మరిచిపోయాడు. పడవ రేవులోనే మునిగిపోయింది. మోటార్లన్నీ ఉప్పునీళ్ళలో నానిపోయాయి. అప్పుడు ఫ్రాంక్ కేబుల్ అనే విద్యుత్ నిపుణుడు వచ్చి, కరెంటుని వ్యతిరేక దిశలో పంపి, ఆ వేడితో తడి ఆరబెట్టారు. 1898 మార్చి 17న పడవ న్యూయార్క్ దగ్గర నీటి కిందకి వెళ్ళి క్షేమంగా తిరిగి వచ్చింది. ఆ రోజు ఐరిష్ వాళ్ళ పెద్ద పండుగ, సెయింట్ ప్యాట్రిక్ రోజు!

1900 ఏప్రిల్ 11న అమెరికా నౌకాదళం లక్షా యాభై వేల డాలర్లకి ఆ పడవని కొన్నది. పొడవు సుమారు 54 అడుగులు. ముందు భాగంలో టార్పెడో వదిలే గొట్టం ఉంది. అమెరికా జలాంతర్గామి దళం ఇప్పటికీ ఏప్రిల్ 11నే తన పుట్టినరోజు జరుపుకుంటుంది.

గెలిచినా మిగలనిది

కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. కానీ అలా జరగలేదు. కంపెనీ నడపడానికి డబ్బున్నవాళ్ళు వచ్చారు. ఆయన కనిపెట్టిన వాటి మీద హక్కులన్నీ వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోయాయి. 1901లో ఆ కంపెనీ అనుమతితో ఇంగ్లండ్ తన మొట్టమొదటి జలాంతర్గామిని కట్టుకుంది. దాని పేరేమిటో తెలుసా? హాలండ్ వన్! ఏ నౌకాదళాన్ని ఎదిరించాలని ఆయన మొదటి బొమ్మ గీశారో, ఆ నౌకాదళానికే ఆయన పడవ చేరింది.

1904లో ఆయన కంపెనీ వదిలేశారు. కొత్త కంపెనీ పెడదామంటే పాత కంపెనీ కోర్టుకి వెళ్ళింది. 1914 ఆగస్టు 12న న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో ఆయన చనిపోయారు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలై కొద్ది రోజులే అయింది.

నలభై రోజులు గడిచాయో లేదో, సెప్టెంబరు 22న ఒక జర్మన్ జలాంతర్గామి గంటన్నర లోపే మూడు ఇంగ్లండ్ యుద్ధనౌకల్ని ముంచేసింది. పద్నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడు మే 7న ఇంకో జర్మన్ జలాంతర్గామి లుసిటేనియా అనే ప్రయాణికుల ఓడని ముంచింది. పద్దెనిమిది నిమిషాల్లో ఓడ మునిగిపోయింది. సుమారు పన్నెండు వందల మంది పోయారు. వాళ్ళలో పసిపిల్లలు కూడా ఉన్నారు. అది ఎక్కడ జరిగిందో తెలుసా? ఐర్లండ్ దక్షిణ తీరంలో, హాలండ్‌గారు ఒకప్పుడు పాఠాలు చెప్పిన కార్క్‌కి దగ్గరలోనే.

ఆ జర్మన్ పడవలు ఆయన కట్టినవి కావు. అయినా పైన ఇంజను, కింద బ్యాటరీ, నీటి ట్యాంకులు అన్నీ అదే పద్ధతి. తన దేశం స్వేచ్ఛగా ఉండాలని ఒక మనిషి ఒక పని మొదలుపెట్టారు. ఆ పని ఆయన చేతులు దాటిపోయింది. ఇందులో ఆయన తప్పు ఉందా? నాకు కూడా వెంటనే జవాబు తోచలేదు. మీరు ఆలోచించండి. భోజనాల దగ్గర అమ్మానాన్నలతో మాట్లాడండి, తెలుగులోనే!

మన విశాఖలో

మీరు సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు, వీలైతే విశాఖపట్నం వెళ్ళండి. అక్కడ రామకృష్ణా బీచ్ ఒడ్డున కుర్సురా అనే నిజమైన జలాంతర్గామి ఉంది. 1969లో భారత నౌకాదళంలో చేరి, 2001 వరకు పనిచేసింది. ఇప్పుడు అది మ్యూజియం. పొడవు దాదాపు 300 అడుగులు. లోపలికి వెళ్ళి చూస్తే, తల వంచుకుని నడిచే సన్నటి దారి, చిన్న చిన్న పడకలు, టార్పెడో గొట్టాలు కనిపిస్తాయి. అది కూడా పైన డీజిల్ ఇంజనుతో, కింద బ్యాటరీలతో నడిచిందే. అక్కడ నిలబడినప్పుడు, పద్నాలుగు అడుగుల పడవలో ఒక్కరే కూర్చుని నది అడుగుకి వెళ్ళిన ఈ పంతులుగారిని ఒకసారి తలుచుకోండి.

కొత్త మాటలు

వలస: ఒక చోటు వదిలి ఇంకో చోట ఉండడానికి వెళ్ళడం
తెగులు: పంటకి వచ్చే జబ్బు
కవచం: దెబ్బ తగలకుండా కాపాడేది
చందా: ఒక పని కోసం అందరూ ఇచ్చే డబ్బు
రేవు: ఓడలు ఆగే చోటు

ఆలోచించి చెప్పండి

1. హాలండ్‌గారి ఇంట్లో ఏ భాష మాట్లాడేవారు? మీ ఇంట్లో ఏ భాష ఎప్పుడు మాట్లాడతారు?
2. జలాంతర్గామికి రెండు రకాల యంత్రాలు ఎందుకు కావాలి?
3. ఆరో హాలండ్ రేవులో ఎందుకు మునిగింది? దాన్ని ఎలా బాగుచేశారు?
4. ఒక వస్తువు కనిపెట్టినవాళ్ళు, దాన్ని ఇతరులు వాడే తీరుకి కూడా బాధ్యులేనా? మీ జవాబు ఐదు వాక్యాల్లో రాయండి.
5. జలాంతర్గామి అనే మాటని విడదీసి రాయండి. జలం అనే మాటతో మొదలయ్యే ఇంకో రెండు మాటలు అమ్మమ్మనో తాతయ్యనో అడిగి తెలుసుకోండి.