థామస్ సీబెక్

ఇంటర్ ఫిజిక్సులో మనం మార్కుల కోసం బట్టీపట్టిన సీబెక్ ఫలితం వెనుక ఉన్నది వైద్యం చదివిన ఒక మనిషి. థామస్ యోహాన్ సీబెక్ 1770లో నేటి ఎస్టోనియాలోని టాలిన్‌లో వ్యాపారి ఇంట జన్మించారు. 1802లో వైద్య పట్టా పొందినా మనసంతా భౌతికశాస్త్రం మీదే. 1821లో బెర్లిన్‌లో రాగిని, బిస్మత్‌ను రెండు చివరలా అతికి, ఒక అతుకును వేడిచేస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. వేడికి అయస్కాంతత్వం పుట్టిందనుకున్నారు. కాదు, అది కరెంటని ఆయర్‌స్టెడ్ చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. 1831లో కన్నుమూశారు.

పాఠంలో మనకు చెప్పని సంగతి ఒకటుంది. 1977లో బయలుదేరి, ఎండ సరిగా అందనంత దూరం పోయిన వాయేజర్-1కు కరెంటు ఇస్తున్నది ఆ సూత్రమే. ప్లుటోనియం-238 విఘటనతో పుట్టే వేడి ఒకవైపు, అంతరిక్షపు చలి మరోవైపు, నడుమ ఉష్ణయుగ్మాలు. తిరిగే చక్రం ఒక్కటీ లేదు. మొదట సుమారు 470 వాట్లు వచ్చేవి; ఏటా దాదాపు 4 వాట్లు తగ్గుతున్నాయి.