కూఫా బజారులో ఒక బట్టల దుకాణం

ధర్మంగా ఉంటే దుకాణం నడవదన్న మాట మన చీరాల, బాపట్ల, తెనాలి బజార్లలో తరచు వినిపిస్తుంటుంది. ధర్మశాస్త్ర విషయాల్లో మనలో అత్యధికులు అనుసరించే హజ్రత్ ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) స్వయంగా బట్టల వర్తకులన్న సంగతి ఆ మాట అనేవారు మరచిపోతుంటారు. ఆయన పాండిత్యాన్ని గురించి ఎన్నో సభల్లో విన్నాం. ఈ శుక్రవారం ఆయన దుకాణాన్ని గురించి చెప్పుకుందాం.

ఆయన అసలు పేరు నూమాన్ బిన్ సాబిత్. హిజ్రీ 80లో (క్రీ.శ. 699) ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. బజారుకు వెళ్లివస్తున్న ఆ యువకునిలోని తెలివిని గమనించి, ఇమామ్ షాబీ విద్యవైపు మళ్లించారట. తరువాత హజ్రత్ హమ్మాద్ సన్నిధిలో 18 ఏళ్లు గడిపారు. అయినా దుకాణం మూయలేదు. ‘ఖజ్’ అనే పట్టు కలిసిన మేలురకం బట్ట ఆయన సరుకు.

ఒకనాడు ఒక స్త్రీ పట్టుబట్ట తెచ్చి 100 దిర్హములకు కొనమంది. అది అంతకంటే ఎక్కువ చేస్తుందన్నారు ఇమామ్ గారు. ఆమె నూరేసి చొప్పున పెంచుతూ 400 దాకా వచ్చింది. ఇంకా ఎక్కువేననేసరికి తనను ఆటపట్టిస్తున్నారనుకుంది. చివరకు ధర కట్టే మనిషిని పిలిపించి 500కు కొన్నారు. ఎదుటివారికి ధర తెలియకపోవడం ఆయన దృష్టిలో లాభానికి దారి కాదు.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా మాకు మన స్టూవర్టుపురం గుర్తుకు వస్తుంది. చీరాల, బాపట్ల మధ్య ఉన్న ఈ ఊరు 1913-14 ప్రాంతంలో ఏర్పడిన సెటిల్‌మెంటు. నేరస్థ తెగల చట్టం కింద ముద్ర పడిన ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచి, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఊరి పేరయింది. అక్కడివారికి చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీలో పని దొరికింది. పని దొరకడం మేలే, కాదనలేం. కాని అనుమతి లేనిదే ఊరు దాటరాని మనిషి, జీతం చాలదని మరో చోటికి ఎలా పోతాడు? ప్రభుత్వానికి సంస్కరణ చేశామన్న పేరు వచ్చింది, కంపెనీకి కదలలేని పనివారు దొరికారు. కూఫాలోని ఆ స్త్రీకైనా ధర నచ్చకపోతే బట్ట మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయే స్వేచ్ఛ ఉండేది. ఆ చట్టం దేశమంతటా రద్దయ్యేసరికి 1952 వచ్చింది.

మరి ఇంత పట్టింపు ఉన్న ఇమామ్ గారి వ్యాపారం దెబ్బతిన్నదా? లేదు. జనం తమ సొమ్మును అమానతుగా తెచ్చి ఆయన దగ్గరే దాచుకునేవారు. సరుకు పొరుగు ఊళ్లకూ వెళ్లేది. ఒకసారి భాగస్వామి హఫ్స్‌కు బట్టలు పంపుతూ, ఫలానా దానిలో లోపం ఉంది, కొనేవారికి చెప్పి మరీ అమ్మమని కబురు చేశారు. హఫ్స్ మరచిపోయి అమ్మేశాడు. కొన్నవారెవరో తెలియలేదు. ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా ఇమామ్ గారు దానం చేసేశారు. ఒక్క తానులోని లోపానికి మొత్తం రాబడి వదులుకోవడం మన లెక్కల పుస్తకాల్లో ఎక్కడా ఇమడదు.

ఏటేటా లాభం పోగుచేసి, పండితులకు, విద్యార్థులకు తిండీ బట్టా కొని పంపేవారు. మిగిలిన డబ్బు కూడా వారికే ఇస్తూ, ఇది తన సొత్తు కాదు, అల్లాహ్ అనుగ్రహం, ఆయనకే కృతజ్ఞతలు తెలుపుకోండని చెప్పేవారు. పేద ఇంటి బిడ్డ అబూ యూసుఫ్ చదువు సాగింది ఆ దుకాణం సొమ్ముతోనే. ఆయనే తరువాత హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

గురువుగారు మాత్రం పదవి ముట్టలేదు. ఖలీఫా మన్సూర్ న్యాయమూర్తి పదవి ఇవ్వజూపగా నిరాకరించి చెరసాల పాలయ్యారు. హిజ్రీ 150లో (క్రీ.శ. 767) బాగ్దాద్‌లో కన్నుమూశారు. వచ్చిన జనసందోహానికి జనాజా నమాజు ఆరుసార్లు చేయవలసి వచ్చిందంటారు. బలవంతంగా లాక్కున్న నేలలో తనను ఖననం చేయవద్దని ఆయన ముందుగానే చెప్పి ఉన్నారు. అందుకని అలాంటి మచ్చ లేని ఖైజురాన్ ఖబరస్తాన్‌లో ఆయనకు సమాధి తవ్వారు.