మన ఇల్లూరు బిడ్డ – ఒక కోర్టు తీర్పు

ఈ వార్షికోత్సవ సంచికలో ఎవరి జీవితం రాయాలా అని మేము ఆలోచిస్తే, దూరం పోనక్కరలేదనిపించింది. మన గార్లదిన్నె మండలం ఇల్లూరులోనే 1913 మే 19న నీలం సంజీవరెడ్డి గారు పుట్టారు. ఆయన రాష్ట్రపతి అయ్యారని మనందరికీ తెలుసు. ఒక కోర్టు తీర్పు వచ్చాక ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారని మాలో చాలామందికి తెలియదు. అందుకే ఆ సంగతి రాస్తున్నాం.

ఆయన మద్రాసు అడయారులోని థియోసాఫికల్ హైస్కూలులోనూ, అనంతపురం ఆర్ట్స్ కాలేజీలోనూ చదివారు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చి వెళ్ళాక ఆయన మనసు స్వాతంత్ర్యోద్యమం వైపు మళ్ళింది. 1931లో చదువు ఆపేసి ఉద్యమంలో చేరి, జైలు జీవితం గడిపారు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1962లో రెండోసారి ఆ పదవి చేపట్టారు.

ఆ రోజుల్లోనే పక్కనున్న కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సుల రూట్లను ప్రభుత్వం జాతీయం చేయబూనింది. రాజకీయ కక్షతోనే తమ ప్రాంతాన్ని ముందుగా ఎంచుకున్నారని బస్సుల యజమానులు ముఖ్యమంత్రి మీదే ఆరోపణ చేస్తూ హైకోర్టుకు వెళ్ళారు. అక్కడ ఓడిపోయి సుప్రీంకోర్టుకు పోయారు. 1964లో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. అంత పెద్ద ఆరోపణ వచ్చినా ముఖ్యమంత్రి స్వయంగా కాదంటూ అఫిడవిట్ వేయలేదన్నది ఆ తీర్పులో ముఖ్యమైన విషయం. పదవి వదలమని కోర్టు ఆదేశించలేదు. అయినా 1964 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు.

ఇదే కేసు అమెరికాలో అయితే దారి వేరుగా ఉండేది. అక్కడ కోర్టులు రెండు వరుసలు. రాష్ట్ర చట్టాల తగాదాలు ఎక్కువగా రాష్ట్రాల కోర్టులు చూస్తాయి. దేశ రాజ్యాంగం, కేంద్ర చట్టాల కేసులకు ఫెడరల్ కోర్టులున్నాయి. వాటిలో కింద 94 జిల్లా కోర్టులు, వాటిపైన 13 అప్పీలు కోర్టులు, అన్నిటిపైన 9 మంది జడ్జీల సుప్రీంకోర్టు. రాష్ట్ర ప్రభుత్వం తన రాజ్యాంగ హక్కు కాలరాసిందనుకునేవాడు నేరుగా ఫెడరల్ జిల్లా కోర్టు గడప తొక్కవచ్చు. మన దేశంలో అంతా ఒకే నిచ్చెన. కేంద్ర చట్టమైనా, రాష్ట్ర చట్టమైనా అవే కోర్టులు చూస్తాయి. ప్రభుత్వం మీద రిట్ వేయాలంటే 226వ అధికరణం కింద హైకోర్టుకు పోవాలి. ప్రాథమిక హక్కుల కోసమైతే 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకే పోవచ్చు.

రాజీనామాతో సంజీవరెడ్డి గారి జీవితం ముగిసిపోలేదు. 1967లో లోక్‌సభ స్పీకరు అయ్యారు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో వి.వి.గిరి గారి చేతిలో ఓడారు. 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఏ కోర్టు తీర్పు వల్ల పదవి వదిలారో, ఆ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎదుటే జూలై 25న ప్రమాణం చేశారు. ఆ తర్వాత అయిదేళ్ళు సుప్రీంకోర్టు జడ్జీల నియామక పత్రాలు ఆయన సంతకంతోనే వెలువడ్డాయి. 1996 జూన్ 1న బెంగుళూరులో కన్నుమూశారు.

సోదర విద్యార్థులారా! ముఖ్యమంత్రి అయినా కోర్టుకు జవాబు చెప్పుకోవాలని ఈ కథ వల్ల మాకు తెలిసింది. బస్సుల యజమానులకు వకీళ్ళను పెట్టుకునే స్తోమత ఉంది, కూలి చేసుకునే మన తల్లిదండ్రులకేదీ అని మాలో ఒకరు అడిగారు. దానికీ చట్టం ఉంది. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. అనంతపురంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ ఒక్క మాట మన వాళ్ళకు చెబుదాం.