అవును, కాదు, తెల్వదు: బూల్ ముచ్చట

సర్కారు లిస్టుల మన పేరు పక్కన అర్హత ఉందా లేదా అని ఒక గడి ఉంటది. కంప్యూటరోళ్లు అసొంటి గడిని బూలియన్ అంటరు. అది ఒక మనిషి పేరుమీదికెళ్లి వచ్చింది. ఆయన జార్జ్ బూల్.

1815ల ఇంగ్లండ్‌ల లింకన్ పట్నంల పుట్టిండు. నాయిన చెప్పులు కుట్టెటోడు. పెద్ద సదువులకు పైసల్లేవు. లెక్కలు ఎక్కువ సొంతంగనే నేర్సుకుండు. 19 ఏండ్లకే బడి పెట్టిండు. డిగ్రీ లేకున్నా 1849ల ఐర్లండ్‌ల కార్క్ కాలేజీకి ప్రొఫెసరైండు. మనిషి ఆలోచనను గూడ లెక్కగ రాయొచ్చని 1854ల పుస్తకం తెచ్చిండు. నిజమైతే 1, అబద్ధమైతే 0. 1864ల వానల తడుసుకుంట పాఠం చెప్పనీకి పోయి, జరమొచ్చి 49 ఏండ్లకే కన్నుమూసిండు.

ఇయ్యాల మైఎస్‌క్యూఎల్‌ల బూలియన్ గడి దాసిపెట్టేది గా 1, 0లనే. కని డేటాబేస్‌ల మూడోది గూడ ఉంటది, నల్. అంటే ఇంక తెల్వదు అని. అవును అన్నోళ్లను తియ్యమంటే నల్ ఉన్న అవ్వ పేరు రాదు. కాదు అన్నోళ్లను తియ్యమన్నా రాదు. రెండు లిస్టులల్ల లేని అవ్వ ఎవలకు మొరపెట్టుకోవాలె?

నేననేది ఒక్కటే. ఊర్ల కోడింగ్ నేర్సుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెండ్లూ, ఖాళీ గడిల ఊకెనే సున్నా కొట్టకుండ్రి. ఖాళీలన్ని ఏరుండ్రి, ఇంటికి పోయి అడిగి నింపుండ్రి. తెల్వదంటే కాదని కాదు.