చార్లెస్ బెస్ట్: ఇన్సులిన్ అనంతర అన్వేషణ

ఇన్సులిన్ ఆవిష్కరణ అనగానే ఫ్రెడరిక్ బాంటింగ్‌తో పాటు స్మరించుకునే శాస్త్రవేత్త చార్లెస్ హెర్బర్ట్ బెస్ట్. కాలేయంలో కొవ్వు పేరుకుపోయే వ్యాధిపై ఆయన సాగించిన పరిశోధన మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

బెస్ట్ 1899 ఫిబ్రవరి 27న అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, కెనడాకు చెందిన దంపతులకు జన్మించారు. తండ్రి వైద్యుడు. 1921 వేసవిలో, 22 ఏళ్ల వయసులో, టొరంటో విశ్వవిద్యాలయంలోని ప్రొఫెసర్ మెక్లియాడ్ ప్రయోగశాలలో బాంటింగ్‌కు సహాయకుడిగా చేరారు. క్లోమం నుంచి తీసిన సారం మధుమేహమున్న కుక్కల రక్తంలో చక్కెరను తగ్గిస్తుందని వారిద్దరూ నిరూపించారు. జేమ్స్ కొలిప్ శుద్ధి చేసిన ఆ సారమే 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడి ప్రాణాన్ని నిలబెట్టింది. 1923 నోబెల్ పురస్కారం బాంటింగ్, మెక్లియాడ్‌లకే దక్కగా, బాంటింగ్ తన వంతు సొమ్ములో సగం బెస్ట్‌కు పంచి ఇచ్చారు.

అయితే ఒక చిక్కు మిగిలింది. క్లోమం తొలగించిన కుక్కలు ఇన్సులిన్‌తో బతికినా, కొన్నాళ్లకు వాటి కాలేయం కొవ్వుతో నిండిపోయేది. ఆహారంలో పచ్చి క్లోమం కలిపితే కోలుకునేవి. 1929లో మెక్లియాడ్ స్థానంలో ఆచార్యుడైన బెస్ట్ ఈ సమస్యను చేపట్టారు. క్లోమానికి బదులు లెసిథిన్ ఇచ్చినా ఫలితం ఉంటుందని, అందులోని కోలీన్ అనే పదార్థమే కాలేయాన్ని కాపాడుతోందని 1932 నాటికి ఆయన బృందం తేల్చింది. కాలేయం తనలోని కొవ్వును ప్రోటీన్లతో జతచేసి రక్తంలోకి పంపేందుకు కోలీన్ అవసరమని తరువాతి పరిశోధనలు వివరించాయి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో క్షతగాత్రుల కోసం మానవ రక్తరసాన్ని ఎండబెట్టి నిల్వచేసే కెనడా పథకానికి బెస్ట్ సారథ్యం వహించారు. 1978 మార్చి 31న టొరంటోలో కన్నుమూశారు.

నేడు ఈ వ్యాధికి ప్రధాన కారణాలు స్థూలకాయం, శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోవడం. భారత ప్రభుత్వం 2021లో దీనిని అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. మధుమేహానికీ కాలేయంలోని కొవ్వుకూ ఉన్న బంధాన్ని వైద్యలోకం నేటికీ శోధిస్తూనే ఉంది. దాదాపు శతాబ్దం కిందటే ఆ చిక్కుముడిని విప్పడానికి పూనుకున్న తొలితరం శాస్త్రవేత్తల్లో బెస్ట్ ఒకరు.