పట్టా చాలన్న సర్కారు, చాలదన్న కుమ్రం భీం: ఉమ్మడి అడవికి బదులు సొంత చెక్క ఎందుకు వద్దన్నాడు?

పన్నెండు గూడేల గోండులు, కోలాములు బర్మార్లు, బరిసెలు పట్టుకుని జోడేఘాట్ గుట్టలెక్కాక నిజాం సర్కారు ఒక మెట్టు దిగింది. ఆసిఫాబాద్ సబ్ కలెక్టర్‌ను చర్చలకు పంపింది. ఆయన తెచ్చిన బేరం ఆ రోజుల్లో ఏ పేద రైతుకైనా ఆశ పుట్టించేదే. గుట్ట దిగితే భీంకూ, ఆయన వెంట ఉన్నవాళ్లకూ దున్నుకుంటున్న చేలకు పట్టాలు ఇస్తారు. కుమ్రం భీం ఒప్పుకోలేదు. పట్టాలు కాదు, ఆ పన్నెండు గూడేల మీద, వాటి చుట్టూ ఉన్న అడవి మీద పెత్తనం తమకే ఉండాలన్నాడు. చర్చలు అక్కడే తెగిపోయాయి. ఆ తర్వాత కొద్ది కాలానికే, 1940లో, పోలీసు కాల్పుల్లో ఆయన చనిపోయాడు.

ఇవాళ భీం పేరు మీద ఒక జిల్లా ఉంది, ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఉంది, జోడేఘాట్‌లో మ్యూజియం ఉంది. జల్, జంగిల్, జమీన్ అనే మూడు మాటలు లేకుండా ఏ ఆదివాసీ సభా జరగదు. కానీ ఆయన కథలో అన్నిటికంటే కీలకమైన ఆ తిరస్కరణ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. భూమి కోసం పోరాడిన మనిషి, చేతికందిన భూమిని ఎందుకు వద్దన్నాడు?

ఈ ప్రశ్నకు జవాబు ఆ పన్నెండు గూడేలు ఎలా పుట్టాయన్న దగ్గర మొదలవుతుంది.

భీం 1901లో ఆసిఫాబాద్ దగ్గర సంకేపల్లిలో పుట్టాడని చెబుతారు. చిన్నతనంలోనే తండ్రి చిన్ను అటవీ సిబ్బంది చేతిలో చనిపోయాడు. కుటుంబం సుర్దాపూర్‌కు తరలిపోయి, అడవి కొట్టి కొత్తగా సేద్యం మొదలుపెట్టింది. పంట చేతికొచ్చే వేళకు సిద్దిఖ్ అనే ఆసామి వచ్చి ఆ భూమికి పట్టా తనదన్నాడు. గొడవలో భీం దెబ్బకు సిద్దిఖ్ చనిపోయాడు. 1920 ప్రాంతపు మాట ఇది. గోండు గూడేల్లో ఈ కథ చెప్పేటప్పుడు ఎక్కువగా ఆ దెబ్బ గురించే చెబుతారు. అంతకుముందు జరిగింది మాత్రం ఒక మామూలు కాగితం పని. అడవిని సాగులోకి తెచ్చింది ఒకరైతే, పట్టా ఇంకొకరి పేరున పుట్టింది. భీం జీవితంలో పట్టా అనే మాట మొదటిసారి వినపడింది ఇలాగే.

అక్కడి నుంచి పారిపోయి చాందాకు, అంటే ఇప్పటి చంద్రాపూర్‌కు చేరాడు. విఠోబా అనే ప్రచురణకర్త దగ్గర పనికి కుదిరాడు. హిందీ, ఉర్దూ, కొంత ఇంగ్లిష్ అక్కడే నేర్చుకున్నాడు. విఠోబాను పోలీసులు పట్టుకుపోయాక అస్సాం తేయాకు తోటలకు వెళ్లి నాలుగేళ్లకు పైగా కూలి చేశాడు. తోట కూలీల గొడవల్లో జైలుకెళ్లి, తప్పించుకుని తిరిగొచ్చి కాకన్‌ఘాట్‌లో లచ్చుపటేల్ ఇంట పనికి చేరాడు. సోంబాయిని పెళ్లాడింది ఆ కాలంలోనే. లచ్చుపటేల్ భూమి తగాదా ఆసిఫాబాద్ అధికారుల దగ్గర నలుగుతుంటే, కాగితాలు చదివి, వాదించి, గెలిపించింది భీమే. చుట్టుపక్కల గూడేల్లో ఆయన పేరు పాకింది తుపాకీతో కాదు, ఈ వ్యవహారంతో. పట్టా అంటే ఏమిటో, దానికి ఎంత బలముందో ఆ గుట్టల్లో ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్లు కొద్దిమందే ఉండి ఉంటారు. కాబట్టి ఆయన కాదన్నది తెలియక కాదు.

బీడు పెడితే సర్కారుది

గోండుల సేద్యం, నిజాం రెవెన్యూ శాఖ లెక్క ఒకదానికొకటి పొసగేవి కావు. పల్చటి ఎర్ర నేలల్లో కొన్నేళ్లు జొన్న, పప్పు ధాన్యాలు పండించి, నేల సారం తగ్గగానే దాన్ని వదిలి పక్కదానికి వెళ్లడం గోండులకు అలవాటు. వదిలిన నేల కొన్నేళ్లు సేదతీరాక మళ్లీ దాని దగ్గరకే వస్తారు. కోలాములు గుట్టవాలు మీద పోడు కొడతారు. గూడెం చుట్టూ ఉన్న నేలంతా గూడేనిదే. ఈ ఏడు ఏ ఇల్లు ఏ చెక్క దున్నాలో పెద్దలు కూర్చుని తేలుస్తారు. సర్కారు సర్వేకు మాత్రం ఆ ఏడు నాగలి కట్టిన చెక్క ఒక్కటే కనిపించింది. బీడుగా ఉన్నది సర్కారు భూమి కింద జమ అయింది.

అలా జమ అయిన భూమి రెండు దారుల్లో పోయింది. ఒకటి, రిజర్వు అడవి. గూడెం చుట్టూ గీత గీసి, ఆ గీత దాటితే నేరమన్నారు. పశువుల మేతకు బంబ్రం, వంటచెరుకుకు దూపపెట్టి అని పన్నులు వేశారు. రెండోది, బయటి నుంచి వచ్చినవాళ్ల పట్టాలు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు మార్గం 1929లో పూర్తయింది. మద్రాసు, ఢిల్లీల మధ్య బండ్లు ఆదిలాబాద్ జిల్లా అంచునుంచి వెళ్లడం మొదలైంది. నల్లరేగడి మీద పత్తి పండించాలనుకున్న రైతులు, వ్యాపారులు, సావుకార్లు జిల్లాలోకి దిగారు. కచేరీలో దరఖాస్తు ఎలా రాయాలో వాళ్లకు తెలుసు. ఖాళీ సర్కారు భూమి అంటూ గోండుల బీళ్లకు పట్టాలు రాయించుకున్నారు. ఏ ఒక్కరిదీ కాని, గూడెమంతటిదీ అయిన నేల మొదట సర్కారుదయింది, తర్వాత ఒక్కరిదయింది. ఈ రెండు అడుగుల్లో గోండు పేరు ఎక్కడా లేదు.

భూమి పోయినవాళ్లు గుట్టల్లోకి జరిగారు. బాబేఝరి, జోడేఘాట్, పట్నాపూర్, టోకెన్‌వాడ, శివగూడ వగైరా పన్నెండు గూడేలు అలా కట్టుకున్నవే. భీం కూడా అక్కడికి చేరాడు. అది రిజర్వు అడవి కాబట్టి ఖాళీ చేయాలంటూ అటవీ శాఖ గుడిసెలు పీకింది, తగలబెట్టింది. భీం మొదట ఎంచుకున్న దారి అర్జీలే. అధికారుల చుట్టూ తిరిగాడు. పని జరగలేదు. ఆయుధం పట్టింది ఆ తర్వాతే.

బేరంలో లేనిది ఏమిటి

సబ్ కలెక్టర్ ఇస్తానన్న పట్టాలో ఏముంటుంది? ఆ ఏడు నాగలి కట్టిన చెక్క ఉంటుంది. బీడు పెట్టిన నేల ఉండదు. పశువులు మేసే గడ్డి ఉండదు. వేసవి నెలల్లో కడుపు నింపే ఇప్ప చెట్లు, ఇల్లు కట్టుకునే వెదురు, వాగు, పెన్ దేవుళ్ల తావులు ఏవీ ఉండవు. అడవి మీద ఆధారపడిన ఇంటికి సాగు చెక్క బతుకుతెరువులో ఒక భాగం మాత్రమే. ఆ ఒక్క భాగానికి పట్టా తీసుకుని సంతకం పెడితే, మిగతాదంతా సర్కారుదేనని ఒప్పుకున్నట్టు. ఆ బేరంలో అసలు మెలిక ఇదే. వినడానికి దానంలా ఉంటుంది గానీ, నిజానికి అది మార్పిడి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఉమ్మడి నేలను ఎవరూ తాకట్టు పెట్టలేరు, కాబట్టి సావుకారు అప్పు కింద రాయించుకోలేడు. పట్టా ఒక మనిషి పేరున ఉంటుంది. వేలిముద్ర ఒక్కటి చాలు, అది చేయి మారుతుంది. ఆసిఫాబాద్ కచేరీలో అలాంటి కాగితాలు చూసి వచ్చిన భీంకు ఇది తట్టకుండా ఉంటుందా? ఆయన ఆలోచన మనదాకా గూడేల నోటి కథలుగానే వచ్చింది. కానీ ఆయన అడిగినవాటిని చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక్కో ఇంటికి ఇన్ని ఎకరాలని ఆయన అడగలేదు. పన్నెండు గూడేలను కలిపి ఒక్కటిగా అడిగాడు.

ఇలాంటి మార్పిడి వేరే చోట ఏం చేసిందో అప్పటికే లోకానికి తెలుసు. అమెరికా 1887లో డాస్ చట్టం తెచ్చింది. ఆదివాసీ తెగల ఉమ్మడి భూములను ముక్కలు చేసి, కుటుంబ యజమానికి 160 ఎకరాల చొప్పున సొంతానికి ఇవ్వడం దాని ఉద్దేశం. పంచగా మిగిలిన నేలను మిగులు పేరుతో బయటివాళ్లకు అమ్మారు. పంచిన ముక్కలు కూడా పన్ను బకాయిల కింద, అప్పుల కింద చాలావరకు చేజారాయి. చట్టం వచ్చిన ఏడాది తెగల చేతిలో 13.8 కోట్ల ఎకరాలు ఉంటే, 1934లో ఆ విధానానికి స్వస్తి చెప్పేనాటికి 4.8 కోట్ల ఎకరాలు మిగిలాయి. భీం ఆ లెక్కలు విన్నాడని అనుకోనక్కర్లేదు. సుర్దాపూర్ అనుభవం సరిపోతుంది.

చర్చలు తెగాక సర్కారు పెద్ద పోలీసు బలగాన్ని పంపింది. కుర్దు పటేల్ అనే వ్యక్తి జాడ చెప్పాడని, రాత్రివేళ జోడేఘాట్‌ను చుట్టుముట్టారని చెబుతారు. భీంతోపాటు ఆయన అనుచరులు పలువురు కాల్పుల్లో చనిపోయారు. పుస్తకాల్లో తేదీ ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. గోండులు మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడే జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుతారు.

చనిపోయాక వచ్చిన పట్టాలు

భీం పోయాక సర్కారుకు భయం పట్టుకుంది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పనిని ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. తిరుగుబాటుకు మూలం అడవి, భూమి విధానాలేనని ఆయన నివేదికలు తేల్చాయి. 1940లలో ఆయన సలహా మీద, సేతుమాధవరావు పగడి వంటి అధికారుల చేతుల మీదుగా ఆదిలాబాద్ గోండులకు, కోలాములకు పెద్ద ఎత్తున పట్టాలు అందాయి. అంతకుముందు ఏమీ లేనివాళ్లకు అది మామూలు మేలు కాదు. దాన్ని తక్కువ చేయడం అన్యాయం. కానీ అందింది భీం కాదన్న బేరమే. చెక్కలకు పట్టాలు వచ్చాయి, అడవి సర్కారు దగ్గరే ఉండిపోయింది.

ఆ పట్టాలు నిలిచాయా? చాలాచోట్ల నిలవలేదు. ఆదివాసీ భూమి ఆదివాసేతరుల చేతికి పోకుండా 1959లో ఒక నిబంధన, దాన్ని గట్టి చేస్తూ 1970లో ఇంకో నిబంధన తేవాల్సి వచ్చిందంటేనే ఎంత భూమి చేజారిందో ఊహించుకోవచ్చు. 1/70గా అందరికీ తెలిసింది ఆ రెండోదే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ రోజు అక్కడికి వచ్చినవాళ్ల ప్రధాన కోర్కెల్లో భూమి పట్టాలు ఒకటి.

ఇక్కడొక చిక్కుంది. దాన్ని దాటేస్తే భీం గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆయన వద్దన్న పట్టానే ఆయన మనవల తరం అడిగింది. తప్పు పట్టడానికేమీ లేదు. పట్టా లేనివాడికి బ్యాంకు అప్పు ఇవ్వదు, పంట పోతే పరిహారం రాదు, అటవీ సిబ్బంది ఎప్పుడైనా నాగలి పట్టుకుపోవచ్చు. అడవి ఎలాగూ దక్కదని తేలాక చెక్కైనా దక్కాలనుకోవడం సహజం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం రెంటికీ చోటిచ్చింది. ఇంటికి సాగు హక్కు, ఊరికి ఉమ్మడి అడవి మీద హక్కు. తెలంగాణలో కదిలింది ఎక్కువగా మొదటిదే. 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భీం పేరున్న జిల్లా కేంద్రంలోనే మొదలుపెట్టారు. సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలు అన్నది ప్రభుత్వ లెక్క. ఊరి ఉమ్మడి హక్కు పత్రాలకు అలాంటి సభ జరగలేదు.

మార్పిడి బేరం మాత్రం కొత్త రూపాల్లో వస్తూనే ఉంది. అడవిని గనికో, డ్యాముకో ఇచ్చేటప్పుడు అంతే విస్తీర్ణంలో వేరేచోట అడవికాని భూమి చూపించి మొక్కలు నాటితే చాలన్నది దేశమంతటా నడుస్తున్న పద్ధతి. ఎకరానికి ఎకరం, లెక్క సరిపోతుంది. పోయిన అడవిలో ఇప్పపువ్వు ఏరుకున్న ఊరు, మొక్కలు నాటిన ఊరు ఒకటే కానక్కర్లేదు. కవ్వాల్ పులుల అభయారణ్యం లోపలి రాంపూర్, మైసంపేట గ్రామాలను 2024లో బయటకు తరలించినప్పుడు కుటుంబాల ముందు రెండే దారులు పెట్టారు. 15 లక్షల రూపాయలు, లేదంటే బయట కొంత భూమి, ఇల్లు. కొందరు ఇది, కొందరు అది తీసుకున్నారు.

2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం 49వ నంబరు జీవో ఇచ్చింది. కవ్వాల్‌ను మహారాష్ట్రలోని తాడోబాతో కలిపే పులుల దారిని, ఆసిఫాబాద్ జిల్లాలోని అడవిని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. దానికి పెట్టిన పేరు కుమ్రం భీం. ఆదివాసీ సంఘాలు బంద్‌లు చేశాయి, కలెక్టరేట్లకు వెళ్లాయి. జులైలో ప్రభుత్వం జీవోను నిలిపివేసింది. అప్పటికి రద్దు మాత్రం చేయలేదు.