అణువులను వరుసలో నిలబెట్టిన కేథరీన్ బ్లాడ్జెట్

పెళ్లయి అమెరికా వచ్చిన కొత్తలో డిపెండెంట్ వీసా మీద నాలుగేళ్లు ఇంట్లోనే ఉండిపోయాను. చదివిన ఎమ్మెస్సీ ఫిజిక్స్ అటకెక్కింది. తర్వాత మళ్లీ యూనివర్సిటీలో చేరినప్పుడు మా ప్రొఫెసర్ గారు నాకు అప్పగించిన మొదటి పని, పల్చటి సేంద్రియ పొరల్లో అణువులు ఎటు తిరిగి ఉన్నాయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూడటం. ఆ పొరలకు లాంగ్‌మ్యూర్-బ్లాడ్జెట్ ఫిల్ములని పేరు. రెండో పేరు ఒక స్త్రీదని తెలిసిన రోజు నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

కేథరీన్ బ్లాడ్జెట్ 1898 జనవరి 10న న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో పుట్టారు. తండ్రి అక్కడి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పేటెంట్ల లాయరు. ఆమె పుట్టడానికి కొద్ది వారాల ముందే, ఇంట్లో జొరబడిన దొంగ ఆయనను కాల్చి చంపాడు. పిల్లలిద్దరినీ తల్లే పెంచింది. కాలేజీ ఆఖరి సంవత్సరంలో తండ్రి పనిచేసిన చోటు చూడబోతే, అక్కడి శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ పైచదువు చదివి రమ్మన్నారు. షికాగోలో మాస్టర్స్ చేసి, 1918లో ఆ పరిశోధనాశాలలో మొదటి మహిళా శాస్త్రవేత్తగా చేరారు. 1926లో కేంబ్రిడ్జిలో ఫిజిక్స్ డాక్టరేట్ పొందిన మొదటి మహిళ కూడా ఆమే.

స్టియరిక్ ఆమ్లం అణువుకు తల నీటిని కోరుతుంది, తోక నీటికి దూరంగా పోతుంది. అందుకే నీటి మీద ఆ అణువులు నారుమడిలో నారులా ఒత్తుగా నిలబడతాయి. ఇది 1917లో లాంగ్‌మ్యూర్ చెప్పిన సంగతి. బ్లాడ్జెట్ 1930లలో ఆ పొరను గాజుపలక మీదికి ఎక్కించారు. పలకను నీటిలోకి దించితే ఒక పొర, పైకి తీస్తే ఇంకో పొర. అలా ఓపికగా పేర్చుకుంటూ పోయారు. 44 పొరలు చేరేసరికి గాజు మీద మెరుపు మాయమైంది. 1938లో లోకానికి తెలిసిన ఆ గాజు, పడిన వెలుగులో దాదాపు అంతా తనగుండా పోనిచ్చేది. అయితే ఆ పూత తుడిస్తే పోయేది. గట్టి పూతలు తర్వాత వేరేవాళ్లు చేశారు. అదే 1938లో జెర్మర్, స్టార్క్స్ అనే ఇద్దరు అటువంటి పొరల గుండా ఎలక్ట్రాన్లను పంపి, బేరియం స్టియరేట్ అణువులు నిటారుగా నిలబడి ఉన్నాయని చూపించారు.

అరవై ఏళ్ల తర్వాత నేను చేసిందీ ఆ పనే. ఎలక్ట్రాన్ కిరణం తగలగానే తెర మీది చుక్కలు మసకబారి పోయేవి. పొర పాడైపోయేది. మళ్లీ మొదటి నుంచి ముంచడం, తీయడం. నావల్ల కాదనుకున్న రోజులున్నాయి. అప్పుడు ఆవిడే గుర్తొచ్చేవారు.

1963లో రిటైరై, 1979 అక్టోబర్ 12న ఆమె కన్నుమూశారు. చదువు పక్కన పెట్టి ఇంట్లో ఉన్న మా చెల్లెళ్లు ఈ సంచిక చదువుతూ ఉంటే, వారికి నేను చెప్పేది ఒక్కటే. అమ్మా, ఒక్క పొరతో మొదలుపెట్టండి.